మైకు హ్వాజా చేతిలో

జపాను నగరం ఒసాకాలో, కొరియావాళ్లుండే ఇకునో వీధుల్లో బు హ్వాజాను ఎరగనివాళ్లు లేరు. వారమంతా పచ్చళ్ల కొట్లో కిమ్చీ కలుపుతుంది. నెలకో ఆదివారం మధ్యాహ్నం సంఘం హాల్లో సినిమా వేస్తే మైకు పట్టుకుంటుంది. కొరియాలోని జెజు దీవి నుంచి వచ్చిన అవ్వలకు బజారు జపనీసు వచ్చుగానీ సినిమా జపనీసు అందదు. అందుకని శబ్దం తగ్గించి, తెర మీద ఎవరేమన్నా హ్వాజా అప్పటికప్పుడు జెజు మాటలో చెబుతుంది. వలస కథలు, ప్రేమ కథలు, మనమెవరమని ఏడ్చే కథలు, అన్నీ ఆమె గొంతులోనే. పదిహేనేళ్లలో ఒక్క మాట అటూ ఇటూ కానివ్వలేదు.

ఆ నెల సినిమా కాంగ్ సంగ్‌హో తీసినది. నలభై ఏళ్ల కిందట ఈ వీధిలోనే మూడేళ్లు హ్వాజా వెంట తిరిగినవాడు. కొరియావాడే అయినా టోక్యోలో పెరిగాడు, సొంత పేరు దాచి యోషికావా అని జపాను పేరు చెప్పుకునేవాడు, మన కొరియా భాష ఒక్క ముక్క రాదు. తీరా పెళ్లి మాటలప్పుడు, "మా నాన్న స్నేహితుల ముందు నీ పేరు హనాకో అని చెప్పు, చాలు" అన్నాడు. ఆ జపాను పేరు ఆమె చెప్పనంది. వాడు రైలెక్కాడు. పోతూ పోతూ, భాష రానివాడినని హ్వాజాయే తనను గెంటేసిందని వీధంతా చాటి మరీ పోయాడు. దీనికే కళ్లు నెత్తికెక్కాయని అందరూ ఆడిపోసుకున్నారు. అందరికంటే ఎక్కువ అదే వీధిలో ఉండే యాంగ్ అవ్వ. ఆ తర్వాత సంబంధమంటూ ఆ గడప తొక్కినవాడు లేడు.

ఇప్పుడు ఆ మహానుభావుడు సొంత పేరు దుమ్ము దులిపి తగిలించుకుని, అదే అబద్ధాన్ని సినిమాగా తీశాడు. నాయిక పేరు హ్వాజా! దాచమన్న పేరునే పోస్టరెక్కించాడు. సిగ్గు లేని జన్మ.

సినిమా రోజు హాలు గుమ్మంలో హ్వాజాకు రెండు చేతులా విజిటింగ్ కార్డు అందించి, "మొదటిసారి కలుస్తున్నాం, అంతా మీ దయ" అని వంగాడు. గుర్తే పట్టలేదు! అప్పటిదాకా ఆమెది కడుపుమంట. అక్కడితో పగ అయింది.

గంటసేపు ఉన్నది ఉన్నట్టే చెప్పింది. రైల్వే స్టేషను ఘట్టం వచ్చింది. తెర మీద పిల్ల వేలు చూపించి, "నువ్వు మావాడివి కాదు, పో" అంది. హ్వాజా మైకు దగ్గరకు తీసుకుంది.

"నా పేరు పలకడానికే సిగ్గయితే నాతో కాపురం ఎట్టా చేస్తావురా? ఇంకో పేరు పెట్టుకుని బతకమంటావా? మా అమ్మ పెట్టిన పేరిది, మార్చను, పో!"

హనాకో అన్న పేరు మాత్రం ఎత్తలేదు. మిగతా భాష తెలియకపోయినా ఆ పేరు వింటే ముందు వరసలో ఉన్న సంగ్‌హో పోల్చుకుంటాడు. తెర మీద కుర్రాడు ఏడుస్తూ ఏదో అన్నాడు.

"సరే, పోతా. కానీ నువ్వే గెంటేశావని వీధంతా చెప్పి పోతా. ఆడదాని మీద నింద ఇట్టే అంటుకుంటుంది" అంది హ్వాజా, వాడి గొంతుతో.

"ఓరి నీ మొహం మండా!" అని అరిచింది వెనక వరస అవ్వ. "వీడు మనిషేనా?" అని కళ్లొత్తుకుంది ఇంకొకావిడ. సంగ్‌హో వెనక్కి తిరిగి చూశాడు. తన సినిమాకు ఇంతమంది కరిగిపోతున్నారని తనూ కళ్లు తుడుచుకున్నాడు.

దీపాలు వెలిగాక అతన్ని వేదిక ఎక్కించారు. తొంభై దాటిన యాంగ్ అవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చి, ముందు హ్వాజా ఎదుట ఆగింది.

"ఒసేయ్, వాడేనా వీడు? నువ్వు చెప్పిందేనా అసలు సంగతి?"

"అదే అవ్వా."

అవ్వ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నలభై ఏళ్లు నా నోటితో దీని బతుకు బుగ్గి చేయించావు కదరా! నీ నోట్లో పురుగులు పడ!"

అతను పొంగిపోయి వంగి వంగి దణ్ణాలు పెట్టాడు. "అవ్వగారు ఏమంటున్నారండీ?"

"మీ సినిమాలో పిల్ల పేరు బాగుందంటోంది" అంది హ్వాజా జపనీసులో. "హనాకో అని మార్చనందుకు మెచ్చుకుంటోంది."

అప్పుడు చూశాడు ఆమె మొహంలోకి, సరిగ్గా. చెయ్యి లాక్కోబోయాడు, అవ్వ వదల్లేదు. హాలంతా అతను ఏం చెబుతాడా అని చెవులు రిక్కించింది.

"మాట్లాడండి" అంది హ్వాజా. "మీరేమన్నా వీళ్లకు చెప్పాల్సింది నేనే."