లెక్కపెట్టని మొప్పలు

ఇరవై మూడు చేపల మొప్పలు నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టినట్టు రాశాను.

ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అమ్మకి చెప్పలేదు. రెండేళ్ళు ఒకే గదిలో ఉన్న రూమ్మేట్‌కి చెప్పలేదు. పన్నెండో ఏట నుంచి ఒక్కరోజు మానకుండా రాసుకుంటున్న డైరీకి కూడా చెప్పలేదు. 2009 జూలైలో ఆ రోజు పేజీ తీస్తే ఇంతే ఉంటుంది: "ఎండ ఎక్కువగా ఉంది. పప్పు మాడింది." నేను తప్ప ఎవరూ చదవని పుస్తకంలో కూడా దాచిపెట్టగలిగినదాన్ని. కాబట్టి ఇప్పుడు రాస్తున్నది కూడా కాస్త అనుమానంగానే చదవండి. నేనూ అలాగే రాస్తున్నాను. ప్రతి వాక్యం తర్వాత వెనక్కి వెళ్ళి, ఇందులో నన్ను నేను ఎక్కడ కాపాడుకున్నానా అని వెతుకుతున్నాను.

ఆరేళ్ళుగా ఇది నాతోనే ఉంది. కొన్ని నెలలు మరిచిపోతాను. తర్వాత ఏ దుకాణంలోనో మూత ఉన్న తెల్ల బకెట్ కనిపిస్తుంది. మూత ఎత్తి చూడాలనిపిస్తుంది. చూడను.

అప్పుడు నేను టెక్సస్‌లో ఎమ్మెస్ రెండో సంవత్సరం. ప్లేనో చుట్టుపక్కల ఇళ్ళ కాలనీల మధ్య చిన్న చిన్న చెరువులుంటాయి. వాటిలోని సన్‌ఫిష్ జాతులు ఒకదానితో ఒకటి ఎంత కలిసిపోయాయో చూడటం నా థీసిస్. సన్‌ఫిష్ అంటే అరచేయంత చేప. అందులో బ్లూగిల్ అనేదానికి నోరు చిన్నది, పక్క రెక్క పొడవు, మొప్ప చివర నల్లటి చెవి లాంటి మచ్చ. గ్రీన్ సన్‌ఫిష్‌కి నోరు పెద్దది, రెక్క పొట్టిగా గుండ్రంగా ఉంటుంది, ఆ నల్ల చెవికి లేత రంగు అంచు ఉంటుంది. రెండూ ఒకే చెరువులో ఉంటే జతకడతాయి. పుట్టిన హైబ్రిడ్‌కి నోరు అటూ ఇటూ కాని మధ్యస్థంగా వస్తుంది. కానీ బురదని బట్టి, ఋతువుని బట్టి చేప రంగు మారిపోతుంది. అందుకని కంటితో చూసి నమ్మకూడదు, మొప్ప మూత ఎత్తి, లోపల దువ్వెన పళ్ళలా ఉండే ముళ్ళు లెక్కపెట్టాలి. మా ప్రొఫెసర్ నేర్పిన మొదటి పాఠం అది.

నేను పుట్టింది కరీంనగర్‌లో, చేపల వాసన వస్తే కిటికీలు మూసే ఇంట్లో. మరి చేపల మీద పరిశోధన ఎందుకు అంటే, నాకు పని ఇస్తామన్నది ఆ ఒక్క ల్యాబే. పైగా పుస్తకాల్లో చేపలంటే నాకు ఇష్టం. బొమ్మల్లో చేపలకి వాసన ఉండదు, మొప్పలు కొట్టుకోవు.

సత్యం అంకుల్ ఒక పూజ దగ్గర పరిచయమయ్యారు. యాభై దాటిన మనిషి, కంప్యూటర్ ఉద్యోగం, సొంత ఊరు కొల్లేరు పక్కన. నా చదువు సంగతి విని ఆయన నవ్వలేదు. అందరూ నవ్వేవారు. వాళ్ళ కాలనీలోనే చెరువుందని, గాలం వేయడానికి తన దగ్గర లైసెన్స్ ఉందని, కాలనీ సంఘంతో మాట్లాడి పర్మిషన్ ఇప్పిస్తానని చెప్పి, చెప్పినట్టే ఇప్పించారు. ప్రతి శనివారం పొద్దున్నే నా అపార్ట్‌మెంట్‌కి వచ్చి కార్లో తీసుకెళ్ళేవారు. ఆయన గాలం వేసి పట్టాలి, పట్టిన ప్రతి చేపనీ ఫోటో తీయాలి, నేను పక్కన నిలబడి కొలిచి రాయాలి. అదీ ఒప్పందం.

నేను పక్కన నిలబడలేదు. రెండో వారం నుంచే ఎండ పేరు చెప్పి కార్లో ఏసీ వేసుకొని పుస్తకం చదువుతూ కూర్చునేదాన్ని. మధ్యాహ్నం ఆయన తన భార్య లలిత ఆంటీ పంపిన టిఫిన్ బాక్స్ తీసి ఇచ్చేవారు. నేను ముందు వాసన చూసేదాన్ని. ఒకసారి చూసేశారు. మీ ఆంటీ నీకోసం పెనం వేరే కొన్నదమ్మా, దానికి చేప సంగతే తెలీదు అన్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయినా ఆ తర్వాతి వారం కూడా వాసన చూశాను, ఆయన అటు తిరిగాక.

ఇలాంటిదాన్ని నేను. ఎవరైనా ఊరికే మంచి చేస్తుంటే వెనకేముందా అని చూస్తాను. పుస్తకాలు ఎక్కువ చదవడం వల్ల అనుకునేదాన్ని. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. పుస్తకాల మీద కూడా నేరం మోపడం దేనికి?

ఇంతకీ ఆ రోజు. ఆయన తన దగ్గరే ఉంచుకునే నా ల్యాబ్ బకెట్‌లో చేపలు తెచ్చి కారు పక్కన పెట్టారు. ఒక చేపని తడి చేత్తో పట్టుకొని, నోరు చూడు, మధ్యస్థంగా ఉంది, చెవికి అంచు చూడు, ఇది కచ్చితంగా కలిసిన రకమే అన్నారు. నేను రెండు జతల గ్లవ్స్ తొడుక్కొని ఉన్నాను. మొప్ప మూత మీద ఫోర్సెప్స్ పెట్టాను. చేప మెలిక తిరిగింది. నేను ఫోర్సెప్స్ గడ్డిలో పడేశాను.

"ఏమ్మా, భయమా?" అన్నారు.

నేను ఫోర్సెప్స్ కోసం గడ్డిలోకి వంగాను.

"నేను మూత ఎత్తి పట్టుకుంటాను, నువ్వు లెక్కెట్టు. సిగ్గెందుకమ్మా ఇందులో? మా ఊళ్ళో చిన్నపిల్లలు చేసే పనిది."

"వద్దంకుల్. ల్యాబ్‌ల చేసుకుంట."

చిన్నపిల్లలు చేసే పని. ఆయన ధైర్యం చెప్పడానికే అన్నారు. నాకు మాత్రం వెక్కిరింతలా వినిపించింది. ఒక్క అర నిమిషం సిగ్గు చంపుకొని సరే అంకుల్ అని ఉంటే, ఈ కాగితం రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

చేపల్ని ఐస్‌లో పెట్టి ల్యాబ్‌కి తీసుకెళ్ళాను. నాలుగు చేపలవి నిజంగానే లెక్కపెట్టాను. ఐదోదాని మూత ఎత్తగానే వాసన భరించలేక బయటికి పరిగెత్తాను. తిరిగి వచ్చి ల్యాబ్ పుస్తకం తీశాను. బ్లూగిల్‌కి ఎన్ని ముళ్ళుంటాయో అందులో ఉంది. అక్కడక్కడా ఒకటి పెంచి, ఒకటి తగ్గించి, మిగతా చేపలన్నిటికీ అవే అంకెలు వేశాను. చేపల్ని సంచిలో కట్టి పారేశాను. మా ఫ్రీజర్ చిన్నది, ఫోటోలు ఉంటే చేపని దాచనక్కర్లేదన్నది ల్యాబ్ పద్ధతి. తర్వాతి శనివారాల్లోనూ అలాగే చేశాను. మొత్తం ఇరవై మూడు.

అంతటితో ఆగి ఉంటే అది నా ఒక్కదాని తప్పుగా మిగిలేది.

ఆగస్టులో ప్రొఫెసర్ పిలిచారు. బల్ల మీద ఒకపక్క అంకుల్ తీసిన ఫోటోలు, ఇంకోపక్క నా పట్టిక. ఫోటోల్లో ఉన్నవి హైబ్రిడ్‌లని ఎవరికైనా తెలుస్తుంది, నీ అంకెలు చూస్తే అచ్చమైన బ్లూగిల్, ఈ రెండూ ఒకే చేపలేనా అని అడిగారు. గొంతు పెంచలేదు. అందుకే భయం వేసింది. దొంగ అంకెలని తేలితే పని పోతుంది, పని పోతే సీటు, సీటు పోతే వీసా. ఇదంతా ఒక్క క్షణంలో లెక్కపెట్టాను. ఆ లెక్క మాత్రం తప్పలేదు.

ఫోటోలు నేను తీయలేదని చెప్పాను.

అది నిజమే. అంకుల్ పట్టేటప్పుడు నేను పక్కన లేనని చెప్పాను. అదీ నిజమే. తర్వాత, ప్రొఫెసర్ అడక్కుండానే, ఇంకో మాట చెప్పాను. ఒక శనివారం చెరువు దగ్గరికి చేరకముందే ఆయన కారు డిక్కీలో మూత పెట్టిన బకెట్ చూశాను. లోపల నీళ్ళు కదిలిన చప్పుడు విన్నాను. చేపలు వేరే చోటి నుంచి తెస్తున్నారేమోనని నాకు అనుమానం.

మీరు నమ్ముతారో లేదో, ఆ అనుమానం నాకు నిజంగా ఉండేది. ఒకే చెరువులో అన్ని హైబ్రిడ్‌లు ఎలా పడతాయి? ఈయనకి నా థీసిస్ మీద ఇంత శ్రద్ధ ఏమిటి? అందులో తన పేరు రావాలనా? ఇవన్నీ కార్లో కూర్చొని పుస్తకం మీదుగా ఆయన వీపు వైపు చూస్తూ నేను నిజంగానే అనుకున్నాను. కానీ ముందు అనుమానం పుట్టి తర్వాత అబద్ధానికి పనికొచ్చిందా, అబద్ధానికి అవసరం కాబట్టే అనుమానాన్ని పెంచుకున్నానా? ఇది నాకు ఇప్పటికీ తెలియదు. ఒక్కటి మాత్రం తెలుసు. ఆ బకెట్ నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. మూత ఎత్తి చూడలేదు.

ప్రొఫెసర్ ఆ చెరువు మొత్తాన్ని నా థీసిస్ నుంచి తీసేశారు. ఒక చెరువు చేపని ఇంకో చెరువులో వదలడం పెద్ద తప్పు కింద లెక్క, అందుకని కాలనీ సంఘానికి ఉత్తరం రాశారు. సంఘం వాళ్ళు అంకుల్‌ని అక్కడ గాలం వేయకూడదన్నారు. చెరువు గట్టున కొత్త బోర్డు పెట్టారు: బయటి చేపల్ని తెచ్చి వదలరాదు. బోర్డు మీద ఎవరి పేరూ లేదు. కానీ ఆ కాలనీలో చేపలు పట్టే తెలుగాయన ఆయనొక్కరే. పొద్దున్నే ఆ గట్టు మీద నడిచేవాళ్ళందరికీ అది ఎవరి కోసమో తెలుసు. ఆంటీ ఆ వైపు వాకింగ్ మానేశారని తర్వాత ఎవరో అంటే విన్నాను.

నేను మిగతా చెరువులతో థీసిస్ పూర్తి చేశాను. వాటి మొప్పలు లెక్కపెట్టాను, ప్రతి ఒక్కటీ, ముక్కుకి గుడ్డ కట్టుకొని. అది ప్రాయశ్చిత్తం అనుకున్నాను కొన్నాళ్ళు. కాదు. పట్టుబడతానన్న భయం.

మరుసటి ఏడాది నా తర్వాత వచ్చిన స్టూడెంట్ అదే చెరువులో వల వేసింది. రెక్కల చివరలు కత్తిరించి జన్యు పరీక్షకి పంపింది. చాలావరకు హైబ్రిడ్‌లే. ఆ చెరువులోనే పుట్టి పెరిగినవి. అంకుల్ కంటితో చూసి చెప్పిన మాటే పరీక్షా చెప్పింది. ప్రొఫెసర్ నాకు ఆ ఫలితాలు పంపి, పాపం మనం ఆయన్ని అనవసరంగా అనుమానించామేమో అని రాశారు. మనం అన్నారు. నేను ఆ మెయిల్‌కి జవాబివ్వలేదు. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చింది, రెడ్‌మండ్ వచ్చేశాను. అంకుల్ వాళ్ళు ఇల్లు అమ్మేసి ఇంకో రాష్ట్రానికి వెళ్ళిపోయారని తెలిసింది. ఎందుకు వెళ్ళారో నేను అడగలేదు. అడిగితే ఎవరైనా చెప్తారని.

ప్రొఫెసర్‌కి ఇప్పుడు రాయొచ్చు. అంకుల్ నంబర్ కనుక్కోవడం కూడా కష్టం కాదు. ఇది రాసి నేను తేలికపడుతున్నాను, నిజమే, కానీ ఆయన పేరు మీద పడ్డ మచ్చ ఇంకా అలాగే ఉంది. ఆ తేడా నాకు తెలుసు. ఈ ఒక్క విషయంలో నన్ను నమ్మండి.

ఆయన నాతో చివరిసారి మాట్లాడింది బోర్డు పెట్టిన వారంలో, ఫోన్లో. ఎత్తకూడదనుకుంటూనే ఎత్తాను. సంఘం గురించి ఆయన ఒక్క మాట కూడా ఎత్తలేదు. వేరే చెరువులు దొరికాయా అని అడిగారు. దొరికాయన్నాను. అక్కడ కూడా చేపల్ని పంపు నీళ్ళల్లో నేరుగా వేయొద్దని, అందులో మందు ఉంటుందని, కొలిచేలోపే చచ్చిపోతాయని చెప్పారు. ముందురోజు సాయంత్రమే నీళ్ళు పట్టి, విరుగుడు చుక్కలు వేసి, మూత పెట్టి ఉంచాలట. తాను ప్రతి శుక్రవారం అదే చేసేవారట. నా చెవి దగ్గర ఫోన్ తడిసిపోయింది. ఆయనకి అన్నీ తెలిసే చెప్తున్నారా, ఏమీ తెలియక చెప్తున్నారా? ఆ గొంతుని ఆరేళ్ళుగా అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను. సరే అంకుల్ అన్నాను. ఫోన్ పెట్టేసే ముందు ఆయన అన్నారు:

"నీ బకెట్ నా దగ్గరే ఉండిపోయిందమ్మా. నీళ్ళు పట్టి ఉంచాను, వచ్చి పట్టుకెళ్ళు."