ఈక గాలం గురించి నేను రాసిన వ్యాసం

మా ఊళ్లో ఎవరిని అడిగినా ఒకటే చెబుతారు. రాహేలప్ప రహస్యంగా చేపలు పట్టే మడుగును బయటపెట్టింది ఆమె సొంత మరిది సుందర్రావేనట. రెండు సీసాల సారాకి ఆశపడ్డాడట. పక్కన కూర్చుని పోసినవాళ్లలా చెబుతారు. సుందర్రావు తాగడు. ఆ ముక్క ఎవరికీ అడ్డం రాలేదు.

బయటపెట్టింది నేను. ఇన్నేళ్లుగా ఈ మాట చేపముల్లులా గొంతులో ఉంది. మింగలేదు, కక్కలేదు. మీకు చెబుతున్నానంటే మీకు నేనెవరో తెలియదు కాబట్టి. ఇందులో ధైర్యమేమీ లేదు.

మా వైపు అక్కను అప్ప అంటాం. రాహేలప్ప మా వీధి చివర ఇంట్లో ఉండేది. భర్త పోయాక ఇంట్లో ఆమె, కూతురు, మరిది. వాళ్ల అమ్మమ్మ మిషన్ బంగళాలో ఆయాగా చేసిందట. అక్కడి దొరసాని ఈక కట్టిన గాలంతో చేపలు పట్టేదట. దొరసాని వెళ్లిపోయింది. విద్య మాత్రం అమ్మమ్మ నుంచి తల్లికి, తల్లి నుంచి ఈమెకు వచ్చింది. వానపాము అక్కర్లేదు. కోడిపుంజు మెడ ఈకను ఎర్రదారంతో కొక్కేనికి చుట్టి, పురుగు వాలినట్టు నీటి మీద వాల్చడమే. శనివారం సాయంత్రం ఆమె వంశధారకు వెళితే ఆదివారం ఆరాధన అయ్యాక ఆ ఇంట్లో చేపల పులుసు ఉండేది. అందులో గిన్నెడు మా ఇంటికి వచ్చేది.

మడుగు ఎక్కడని ఎవరైనా అడిగితే "ఏట్లో" అనేది. అంతే. చోటు చెప్పకపోవడం అమ్మమ్మ నాటి కట్టుబాటు. తెలిసినవాళ్లం ముగ్గురమే: ఆమె, సుందర్రావు, నేను. నన్ను ఎందుకు తీసుకెళ్లింది? కాలేజీలో చదివినదాన్ని, స్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని, నోరు పెద్దదాన్ని. బహుశా ఇంత వాగేది తన దగ్గర ఏదీ దాచదనుకుందేమో.

ఒక ఆడవాళ్ల పత్రిక, స్త్రీల సరదాల మీద వ్యాసాలు అడిగింది. ఈక గాలం మీద రాస్తానన్నాను. అప్ప నవ్వి, "రాసుకోయే, నాకేటి. సోటు మాత్రం సెప్పకు" అంది. మాటిచ్చాను. ఊరి పేరు మార్చాను. ఆమె పేరు మార్చాను. నా పేరు బదులు కలం పేరు పెట్టాను. ఒక్క వాక్యం మార్చలేకపోయాను. "మూడు రాళ్లలో మధ్యరాతి మీద నిలబడితే రెండు తాడిచెట్ల సందున గుడి శిఖరం కనిపిస్తుంది; శిఖరానికి ఎదురుగా ఈక వాలితే నీళ్లు తెరుచుకుంటాయి." నా జన్మకు నేను రాసిన మంచి వాక్యం అదొక్కటే. ఊరి పేరు లేకపోతే చోటు చెప్పినట్టు కాదని నాతో నేనే వాదించుకున్నాను. వాదనలో నన్ను ఎవరూ గెలవలేరు, నేను కూడా.

నది తెలిసినవాడికి ఊరి పేరెందుకు? మూడు రాళ్లు, రెండు చెట్లు, ఒక శిఖరం చాలు. ఆ నెల తిరగకముందే ఎవరో బ్యాటరీలు తెచ్చి మడుగులో కరెంటు పెట్టారు. వేలెడంత చేపపిల్లలు కూడా వెల్లకిలా తేలాయి. అప్ప వెళ్లేసరికి కాకులు ఉన్నాయి. ఆ సాయంత్రమే, ఇక ఈ ఇంట్లో చోటు లేదన్నట్టు, మరిది అన్నం పళ్లెం గడప బయట పెట్టింది. చోటు తెలిసిన మా ఇద్దరిలో నన్ను అనుమానించలేదు. వ్యాసం ఏమైందని అడిగితే, వెయ్యలేదట అప్పా అన్నాను. పత్రిక నా బీరువాలో చీరల కింద ఉంది.

మూడో రోజు సుందర్రావు మా అరుగు దగ్గరకు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పంతులమ్మా, నీ మాటయితే మా వదిన ఇంటాది. నాను ఎవులికీ సెప్పనేదని ఓపాలి సెప్పు."

"మీ ఇంటి గొడవలో నన్నెందుకు లాగుతావు?"

"పోనీ, నువ్వు నమ్ముతన్నావా నన్ను?"

"నమ్ముతాను."

"అది సాల్లే," అని వెళ్లిపోయాడు.

అంత నిజం నేను ఎప్పుడూ చెప్పలేదు. అంత పనికిమాలిన నిజం కూడా చెప్పలేదు. అతను కోటబొమ్మాళిలో కూలికి కుదిరాడు, మళ్లీ ఆ గడప ఎక్కలేదు. అప్ప మళ్లీ ఏటికి వెళ్లలేదు. ఆదివారాలు కోడికూర వండి నాకు గిన్నెడు పంపేది. నేను తినేదాన్ని.

ఈమధ్యే అప్ప పోయింది. సమాధి చేసేటప్పుడు సుందర్రావు సమాధుల తోట గోడ అవతలే నిలబడ్డాడు. పిడికెడు మట్టి వెయ్యమని అతన్ని ఎవరూ పిలవలేదు. నేనూ పిలవలేదు.

ఇంటివాళ్లను ఓదార్చే ఆదరణ కూడికలో ప్రార్థన అయ్యాక ఆమె కూతురు, మీకే ఇవ్వమంది అమ్మ అంటూ ఈకల డబ్బా నా చేతిలో పెట్టింది. పాత బిస్కెట్ల డబ్బా. ఇంటికొచ్చి తెరిచాను. అడుగున పరిచిన కాగితం నా వ్యాసం. కత్తెరతో శుభ్రంగా కత్తిరించి ఉంది. కొక్కేలు దానికే గుచ్చి ఉన్నాయి, చుట్టూ తుప్పు మరకలు. ఇవాళ్టివి కావు.

మోసం చేసింది నేనే. అయినా ఆ డబ్బా తెరిచినప్పటి నుంచి మోసపోయినదాన్ని నేనే అన్నంత మంటగా ఉంది. తెలిసి కూడా అన్నేళ్లు నా ఎదుట నవ్వుతూ కూర్చుందా? అతన్ని బయట నిలబెట్టి, నాకు గిన్నెలు పంపిందా? సుందర్రావుకు ఇంకా చెప్పలేదు. చెబుతానని ఇక్కడ మాటివ్వను, నా మాట విలువ చూశారు కదా. రాశాను. ముల్లు కాస్త కదిలింది, అంతే.

అప్పా, ఒక్కటి చెప్పు. ఆ కాగితం నీ చేతికి వచ్చింది మరిది పళ్లెం బయట పెట్టకముందా, పెట్టాకా?