నెట్టా నడవలో ఖాళీ బళ్లు

నెట్టా గెడ్డీస్ ఇంటికి వెళ్తే నడవలో పక్కకు తిరిగి నడవాలి. డండీ ఊరి చివర, మూడంతస్తుల పాత ఇళ్ల కాలనీలో ఆవిడది కింది వాటా. గోడ వెంట పసిపిల్లల్ని తోసుకెళ్లే బళ్లు ఎప్పుడూ మూడో నాలుగో ఉంటాయి, అన్నీ ఖాళీవే. ఆవిడకు డెబ్బై ఒకటి. పెళ్లి కాలేదు, పిల్లలు లేరనే అందరూ అనుకునేవారు.

బిడ్డ కడుపులో ఉండగా బండి ఆ తల్లి ఇంటి గడప దాటి లోపలికి రాకూడదని అక్కడివాళ్ల పట్టింపు. వస్తే బిడ్డ దక్కదట. పుట్టేదాకా దాన్ని అమ్మమ్మ ఇంట్లోనో, అత్త ఇంట్లోనో ఉంచుతారు. పదహారేళ్లకే కడుపొచ్చి, అయినవాళ్లు తలుపులేసుకున్న పిల్లలకు ఆ ఇల్లు నెట్టాదే. బండి, బట్టలు ఎక్కడెక్కడో అడిగి తెచ్చి పెట్టేది. వాటితోపాటు తిట్లూ దండిగానే పెట్టేది.

మిర్రెన్ అలా వచ్చిన పిల్లే. అనాథ వసతి గృహాల్లో పెరిగింది, కొత్తగా ఒంటిగది వాటా దొరికింది. ఎనిమిదో నెలలో సంక్షేమ అధికారిణి ఒకావిడ వచ్చి ఆ గది చూసిపోయింది. ఉయ్యాల లేదు, బండి లేదు, చిన్న చొక్కా కూడా లేదు. బిడ్డ కోసం ఏ ఏర్పాటూ చేసుకోలేదని రాసేసింది. పుట్టగానే బిడ్డను వేరే ఇంటికి పెంపకానికి పంపాలా అని తేల్చడానికి సమావేశం పెట్టారు.

"నోట్లో నాలుక లేదా? అన్నీ నెట్టా అత్త ఇంట్లో ఉన్నాయని చెప్పొచ్చుగా," అంది నెట్టా.

"నవ్వుద్దనుకున్నా అత్తా. ఆవిడ ఈ ఊరిది కాదు. చేతిలో ఆ కాగితాలు చూస్తే నాకు మాట పడిపోద్ది."

"నవ్వితే నవ్వనీ, నీ సొమ్మేం పోయింది? రేపు నేనొస్తా. ముందా జుట్టు దువ్వుకో, తర్వాత ఏడుద్దువుగాని."

మర్నాడు నెట్టా బండి నిండా చొక్కాలు, దుప్పట్లు, పాలసీసాలు పేర్చి మైలు దూరం తోసుకెళ్లి సమావేశం బల్ల ముందు నిలబెట్టింది. అధికారిణి ముఖం ఎర్రబడింది. చెడ్డమనిషేం కాదు, తెలియక రాసింది.

"పట్టింపు సంగతి అర్థమైంది," అంది పెద్ద అధికారిణి. "కానీ ఈ అమ్మాయికి తోడుంటానంటున్నారు. మీరెప్పుడైనా బిడ్డను పెంచారా?"

యాభై ఏళ్లుగా ఈ ప్రశ్నకు నెట్టా దగ్గర ఉన్నది ఒకటే జవాబు, లేదని. అది నిజమే, కానీ సగం నిజం.

"పెంచలేదండీ. కన్నాను, పదహారేళ్లప్పుడు. తొమ్మిది రోజులు పాలిచ్చా. పదో రోజు, నీకు బండైనా లేదు, ఏం పెట్టి పెంచుతావని తీసుకెళ్లిపోయారు. దానికిప్పుడు యాభై అయిదు. బజారులో ఆ ఈడు మనిషి కనబడితే మొహంలోకి చూస్తా. ఇంకా చూస్తూనే ఉన్నా."

మిర్రెన్ బల్ల కింద నెట్టా చెయ్యి పట్టుకుంది. బిడ్డ తల్లి దగ్గరే ఉండాలని, నెట్టా రోజూ వెళ్లి చూస్తుండాలని తేల్చారు.

నెల తర్వాత ఆడపిల్ల పుట్టింది. మిర్రెన్ ఆసుపత్రి నుంచి నేరుగా నెట్టా ఇంటికొచ్చి, బిడ్డను బండిలో పడుకోబెట్టి, పిడి పట్టుకోకుండా నిలబడింది.

"కుట్లు లాగుతున్నాయత్తా. మలుపు దాకా నువ్వు తొయ్యి."

ఇన్నేళ్లలో ఆ ఇంట్లోంచి ముప్పై బళ్లు వెళ్లాయి. బిడ్డ పడుకున్న బండిని మాత్రం నెట్టా ఎన్నడూ తోయలేదు. తొయ్యమని ఎవరూ అనలేదు, తోస్తానని అడగడానికి ఆవిడకు నోరు రాలేదు. ఇప్పుడు రెండు చేతులతో పిడి పట్టుకుంది. ఎంతగా ఆశపడిందో ఆ చేతులకే తెలుసు.

మలుపు వచ్చింది. నెట్టా ఆగలేదు. మిర్రెన్ పక్కనే నడిచింది.