వెళ్లని సెడోనా

వీధి చివరి సునీత గారు ఈ రోజు సత్యనారాయణ వ్రతానికి పిలిచారు. చీర కట్టుకునే ఓపిక లేక, రెండు గంటల దూరంలో ఉన్న సెడోనా చూడటానికి వెళ్తున్నామని చెప్పేశాను. దాంతో పొద్దుటి నుంచి కర్టెన్లు వేసుకుని ఇంట్లోనే ఉన్నాం. పెరుగు అయిపోయినా ఇండియన్ స్టోర్‌కి వెళ్లే ధైర్యం లేదు. అరిజోనాలోని మా చాండ్లర్‌లో తెలుగువాళ్లందరూ ఆదివారం అక్కడే కనిపిస్తారు.

సాయంత్రం మా అమ్మాయి హోంవర్క్ తెచ్చింది. "పెయింటెడ్ ఇన్‌టు ఎ కార్నర్" అనే ఇడియమ్‌తో ఒక వాక్యం రాయాలట. నేలకి రంగు వేసుకుంటూ పోయి చివరికి మూలలో ఇరుక్కున్నవాడిలా, మన దారి మనమే మూసుకోవడం అని చెప్పాను.

"ఓ, లైక్ అస్ టుడే!" అంటూ, 'మా అమ్మ ఆంటీకి ఊళ్లో లేమని చెప్పింది, ఇప్పుడు పెరుగు కొనడానికి కూడా వెళ్లలేం' అని రాసేసింది.

"అది మార్చమ్మా," అన్నాను.

"వై అమ్మా? ఇట్స్ ట్రూ కదా! రేపు క్లాస్‌లో చదవాలి."

సునీత గారబ్బాయిదీ అదే క్లాసు.

ఇలా వెళ్లని ఊరు పేరు చెప్పి ఇంట్లో దాక్కున్నవాళ్లు ఈ గ్రూపులో ఇంకెవరైనా ఉంటే చెప్పండి, నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది. సునీత గారూ, మీ అబ్బాయి చెప్పకముందే నేనే చెప్పేస్తున్నాను. ప్రసాదంతో పాటు తోడుకి కాస్త పెరుగు కూడా ఉంచండి, వస్తున్నాను.