సెల్ఫ్ కొట్టినప్పుడు ఆగిన గొంతు

చొప్పదండి బజారులో పత్తి ట్రాక్టరు అడ్డం రావడంతో నా పక్కన కారు నడుపుతున్న బావ బ్రేకు తొక్కాడు. కారు ఇంజిన్ ఆగిపోయింది. కారు మీది మైకు మాత్రం ఆగలేదు. "నిన్న రాత్రి స్వర్గస్థులైనారని తెలియజేయుటకు చింతిస్తున్నాము. వారి అంతిమయాత్ర..." అంటూ బావ గొంతు రెండు హారన్లలోంచి బజారంతా వినిపిస్తోంది. బావ తాళంచెవి తిప్పి సెల్ఫ్ కొట్టాడు. ఇంజిన్ అందుకోలేదు. మళ్లీ కొట్టాడు. "అంతిమయాత్ర" దగ్గర గొంతు తెగిపోయింది. డాష్‌బోర్డులో బిగించిన తెర నల్లబడి, కాసేపటికి మళ్లీ వెలిగింది. ఈసారి దాని మీద తెల్లటి ఇంగ్లిషు అక్షరాల వరుస ఒకటే ఉంది. వెనక సీటు కింద ఉన్న కంప్యూటరు పెట్టెలోంచి టక్ టక్ మని చప్పుడు మొదలైంది.

చాయ్ హోటల్ ముందు నిలబడ్డ ఒకాయన అరిచాడు. "ఏందే, గొంతు పట్టిందా? మిర్యాల చాయ్ తాగిపో."

బావ మెడకు చుట్టుకున్న తువ్వాలను సర్దుకున్నాడు. ఆ మనిషికి తెలియదు, స్టీరింగు ముందున్న బావకు మాట పోయి చాలా నెలలైందని.

ఆ పూట ఆగిపోయింది చావు కబురు ఒక్కటే అయితే నేను ఇది రాసేవాణ్ని కాదు. టక్ టక్ మంటున్న ఆ కంప్యూటరు హార్డ్‌డిస్కులో బావ మా అక్కతో మాట్లాడిన కొద్దిపాటి మాటలు ఉన్నాయి. అవి మరెక్కడా లేవు.

మా బావ కరీంనగర్‌లో మైకు ప్రచారం చేసే మనిషి. చీరల షాపుల ప్రారంభాలు, నీళ్లు రాని రోజులు, తప్పిపోయిన పిల్లలు, చావు కబుర్లు అన్నీ ఆయన గొంతులోనే ఊరికి చేరేవి. కొండగట్టు జాతర రోజుల్లో గుట్ట కింద కారు ఆపుకొని పొద్దంతా పలికేవాడు. గొంతులో గడ్డ వచ్చింది. స్వరపేటిక మొత్తం తీసేయాలని హైదరాబాద్ డాక్టర్లు చెప్పారు. ఆ మాట విని బయటికి వచ్చాక పార్కింగులో బావ నాతో ఒకటే అన్నాడు.

"బామ్మర్దీ, గొంతును వీళ్లు తీసుకునేలోపల మనం దాసుకుందాం."

నేను అప్పుడు ఆదిలాబాద్‌లో పత్రిక పనిలో ఉన్నాను. వార్తల కోసం వాడే చిన్న రికార్డరు పట్టుకొని వచ్చాను. ఇంట్లో ఫ్యాను చప్పుడు, వీధిలో బండ్ల చప్పుడు. చివరికి కారే నయమనిపించింది. షెడ్డులో కారు పెట్టి, అద్దాలు ఎక్కించి, ముందు అద్దం మీద దుప్పటి కప్పి, బావ లోపల కూర్చున్నాడు. రికార్డరును ఆపకుండా నడవనిచ్చాం. వారాల పేర్లు, కాలనీల పేర్లు, ఊళ్ల పేర్లు, అంకెలు, "భారీ తగ్గింపు", "ఆచూకీ తెలిసినవారు", "చింతిస్తున్నాము". ప్రతి మాటా రెండు తీర్ల పలికాడు. బట్టల షాపు సోమవారం వేరు, అంతిమయాత్ర సోమవారం వేరు. ఆ తేడా ఆయన చెప్పకపోతే నాకు తట్టేది కాదు. ఉక్కకు చొక్కా వీపుకు అంటుకుపోయేది. మధ్యమధ్య అక్క చాయ్ పట్టుకొచ్చి అద్దం మీద కొడితే కొంచెం దించేవాడు. ఇద్దరూ ఏవో నాలుగు మాటలు అనుకునేవారు. మళ్లీ అద్దం ఎక్కేది.

ఆపరేషన్ అయింది. బావ మెడ మీద రంధ్రం, చేతిలో పిల్లల పలక మిగిలాయి.

కారుకు కంప్యూటరు కట్టింది బావకు పాత దోస్తు, కార్లలో కరెంటు పనులు చేసే భాయ్. పని కన్నా మాట ఎక్కువని ఆయనకు పేరుంది. నా పాత కంప్యూటరును ముక్కలు చేసి, మదర్‌బోర్డునూ డిస్కునూ ఒక ఇనుప పెట్టెలో బిగించి, వెనక సీటు కింద పెట్టాడు. పాత టేప్ రికార్డరు తీసిన చోట వేలితో తాకితే పనిచేసే తెర పెట్టాడు. దాని మీద మాటలు ఏరితే కంప్యూటరు వాటిని వరుసగా కలిపి బావ గొంతులో పలికించేది. మొదట ఇన్వర్టరు మీద నడిపితే అది ఊరికే కుయ్యిమని ఆరిపోయేది. దాన్ని తీసేసి, కారు బ్యాటరీ నుంచే నేరుగా కరెంటు తీసుకునే చిన్న సప్లై బోర్డు తెప్పించాడు. అది పనిచేసింది కానీ ఆక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా హారన్లలో బావ గొంతు వెనక ఈల లాంటి కూత.

"అన్నా, నీ గొంతుకు కోరస్ ఫ్రీగ ఇస్తున్న," అన్నాడు భాయ్. బావ పలక మీద ఒక తిట్టు రాసి చూపించాడు. భాయ్ నవ్వి, ఎర్తు వైరును బాడీ నుంచి తీసి తిన్నగా బ్యాటరీకి కలిపితే కూత పోయింది.

ఒక ఇబ్బంది మాత్రం మిగిలింది. దాన్ని భాయ్ తనదైన పద్ధతిలో చెప్పాడు. "సెల్ఫ్ కొట్టినప్పుడు ఉన్న కరెంటంతా గా మోటారే గుంజుకుంటది అన్నా. దావత్‌ల పెద్ద చుట్టం కూసున్నంక చిన్నోల్లకు మాంసం లేని బొక్కలే. నీ కంప్యూటర్‌కు ఏం మిగుల్తది? రెండో బ్యాటరీ, రిలే పెడ్త. అవి వచ్చేదాంక కంప్యూటర్ బంద్ చేసినంకనే సెల్ఫ్ కొట్టు. గిది యాది పెట్టుకో."

బావ తలూపాడు. రెండో బ్యాటరీ వచ్చేదాకా ఆగమని అక్క కూడా అంది. నెలల తరబడి ఇంట్లో మూగగా కూర్చున్న మనిషి ఆగలేదు.

నేను సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ పొడవాటి రికార్డింగును మాటలుగా కోసేవాణ్ని. అక్క గొంతు వినిపించగానే ముందుకు జరిపేవాణ్ని. అది వాళ్ల సంగతి. కోసిన మాటలను భాయ్ పెన్‌డ్రైవులో కూడా వేసి పెట్టుకున్నాడు. మొత్తం రికార్డింగు ఆ డిస్కులోనే ఉండిపోయింది. పని మాటలు భద్రంగా ఉంటే చాలని అందరం అనుకున్నాం. రికార్డరును ఎప్పుడో ఖాళీ చేసి వేరే పనులకు వాడుకున్నాను.

మళ్లీ చొప్పదండి. మైకు పనిలో ఒక కట్టుబాటు ఉంది. షాపు ప్రకటనను ఎక్కడైనా ఆపవచ్చు. చావు కబురును ఎత్తుకున్నాక నడుమ ఆపరు. ఆపితే ఆ ఇంటికి మంచిది కాదంటారు. బావకు ఈ నమ్మకాల మీద పెద్ద పట్టింపు లేదు. అయినా జీవితమంతా ఒక్క చావు కబురునూ సగంలో వదలలేదు. ఇంజిన్ ఆగినప్పుడు ఆయన వేలు తెర మీది బంద్ గుర్తు దాకా వెళ్లి వెనక్కి రావడం నేను చూశాను. గొంతు పలుకుతుండగానే సెల్ఫ్ కొట్టాడు.

తెర మీద తెల్ల అక్షరాలు కదలకపోయేసరికి బావ నా వైపు తిరిగి మైకు చేతికిచ్చాడు. నేను ఆ ఇంటివాళ్లు రాసిచ్చిన కాగితం చూసి మిగతా సగం చదివాను. బజారులో కూరగాయలు అమ్మే ఒక ముసలామె పక్కామెను అడిగింది. "గిదెవ్వని గొంతే? గంతట్లనే మారిపాయె."

కరీంనగర్ చేరాక భాయ్ పెట్టె విప్పి, డిస్కును చెవి దగ్గర పెట్టుకొని విన్నాడు. ఆ రోజు జోకులు వేయలేదు. "పని మాటలకు పరేషాన్ లేదన్నా, నా దగ్గర ఉన్నయి. ఇంకేమన్న ఉండెనా దీంట్ల?"

 పక్కనే నిలబడ్డ అక్క జవాబు చెప్పింది. "నాతోని మాట్లాడింది ఉండె."

ఆ డిస్కులో తన మాటలున్న సంగతి అక్కకు తెలుసని బావకూ నాకూ అప్పుడే తెలిసింది. ఎప్పటికైనా నన్ను అడిగి తలుపులు వేసుకొని విందామనుకుందట.

"ఏమన్నడక్కా బావ?" అని అడిగాను.

"'ఇగ ముందట నువ్వే మాట్లాడాలె, నేను వినుడే' అన్నడు. నాకు నవ్వొచ్చింది. 'ఎన్నడన్న నా మాట విన్నవా' అన్న నేను."

బావ పలక మీద రాశాడు: "చాయ్‌ల చక్కెర తక్కువైందన్న. గంతే."

"అబద్దం," అంది అక్క.

"చక్కెర," అని కింద గీత గీశాడు బావ.

రెండో బ్యాటరీ వచ్చింది. భాయ్ దాన్ని డిక్కీలో కట్టి, సెల్ఫ్ కొట్టేటప్పుడు కంప్యూటరుకు వేరుగా కరెంటు అందేలా రిలే పెట్టాడు. తిరిగే డిస్కు బదులు కుదుపులకు చెడనిది వేశాడు. బావ ఇప్పుడు ఇంజిన్ ఎన్నిసార్లు ఆపి కొట్టినా గొంతు తెగదు. కొండగట్టు కింద మళ్లీ పలుకుతున్నాడు. కొత్త కాలనీల పేర్లు, మనుషుల పేర్లు వస్తే మాత్రం దొరకవు. అక్కడ అక్క మైకు అందుకొని ఆ ఒక్క పేరు చెబుతుంది. అందుకోసం ముందు సీటులో కూర్చుంటోంది. మొదట్లో సిగ్గుపడేది. ఇప్పుడు ట్రాఫిక్‌లో అడ్డం వచ్చినవాణ్ని కూడా మైకులోనే తిడుతుందని భాయ్ చెబుతుంటాడు.

పాడైన డిస్కును హైదరాబాద్‌లో రిపేరు చేసేవాళ్లకు చూపించాను. తెరిచి చూడవచ్చు, ఒక్కసారే అవకాశం, లోపల పళ్లెం మీద గీత పడి ఉంటే ఉన్నది కూడా పోతుందని చెప్పారు. అక్కతో చెప్పాను.

"బావనడుగు," అంది.

బావ పలక మీద "మీ అక్క ఇష్టం" అని రాశాడు.

ఈ మాట అక్కకు చూపిస్తే చదివి, చెంగుతో తుడిచి, పలక తిరిగి ఇచ్చేసింది.

ఆ డిస్కు ఇప్పుడు మళ్లీ కారులోనే ఉంది. వెనక సీటు కింద, కొత్తదాని పక్కన భాయ్ దాన్ని కూడా నాలుగు మరలతో బిగించాడు. దానికి వైరు కలపలేదు.