ఇంకా మొలవలేదు

మా చెల్లెలి గుండె చుట్టూ నీరు చేరిందని పోయిన వారం గుంటూరులో సూదితో తీసి, క్షయ అనుమానంతో బిళ్లలూ మొదలుపెట్టారు. పొద్దున తీసిన నీటికి సాయంత్రం కాఫీ వేళకల్లా రిపోర్టు ఫోనులోకి వచ్చేసింది. క్షయ జాడ కనపడలేదని ఉంది, ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. అడుగున, కల్చర్ రిపోర్టు ఇంకా రావాలన్న చిన్న అక్షరాల వరుసను మాత్రం నేనొక్కదాన్నే కళ్లజోడు సవరించుకుని మళ్లీ మళ్లీ చదివాను. ముప్పైయేళ్లు ల్యాబులో ఆ కల్చర్ల పనే చేసి మానేశాను గాని, దాని అలసట నన్ను మానలేదు.

నరసరావుపేటలో మా పెద్దడాక్టరుగారు పట్టుబట్టి పెట్టించిన ల్యాబులో నేను చేరిన కొత్తల్లో, క్షయ క్రిమిని పెంచడానికి కోడిగుడ్లే ఆధారం. గుడ్ల సొనలో ఆకుపచ్చ రంగు కలిపి, గాజు గొట్టాల్లో వాలుగా గట్టిపరచి, రోగి గుండె సంచి నుంచి తీసిన నీటిని దానిమీద వేసి, వెచ్చటి పెట్టెలో ఎనిమిది వారాలు కనిపెట్టుకుని ఉండాలి. కిరాణా షావుకారు ఇంటి పిల్లను, గుడ్డు పేరెత్తితేనే నోరు కడుక్కోమనే కొంప మాది; అలాంటిది డజన్లకొద్దీ పగలగొట్టి వచ్చేదాన్ని గనక, నెత్తిన నీళ్లు గుమ్మరించిగాని మా అమ్మ నన్ను వంటింట్లోకి రానిచ్చేది కాదు.

ఆ రోజుల్లోనే కారంపూడి దగ్గరి మిరప రైతొకాయన, గుండె చుట్టూ నీరు చేరిన భార్యను మా ఆసుపత్రికి తీసుకొచ్చాడు. కల్చర్ తేలేదాకా ఆగితే మనిషి దక్కదని డాక్టరుగారు ముందే బిళ్లలు మొదలుపెట్టించి, ఎట్టి పరిస్థితిలోనూ ఆపొద్దన్నారు. ఆ బిళ్లలకు ఆమెకు వాంతులు, తిండి సయించదు, మూత్రం ఎర్రగా వస్తుందని భయం. కల్చర్ అంటే ఏందని ఆయన అడిగితే, విత్తనం వేయడం లాంటిదేనని నేనే ముచ్చటపడి చెప్పాను. అది మొదలు ప్రతి సోమవారం బస్సు దిగి నేరుగా ల్యాబులో రిపోర్టులిచ్చే నా కిటికీ దగ్గరికొచ్చి, “మొలిచిందా అమ్మా?” అనేవాడు.

నాలుగో సోమవారం పొద్దుటి నుంచి నిలబడి నా కాళ్లు పీకుతున్నాయి, కిటికీ ముందు జనం. తలెత్తకుండానే, “ఇంకా ఏం మొలవలేదన్నా” అనేశాను. బిళ్లలు ఆపొద్దనే మాట నాలుక చివరిదాకా వచ్చి కూడా బద్ధకించాను. ఆయన దండం పెట్టి వెళ్లిపోయాడు, మళ్లీ సోమవారం రాలేదు. నిజం చెప్పొద్దూ, అడిగేవాళ్లలో ఒకరు తగ్గారని సుఖంగానే అనిపించింది.

ఏడో వారంలో ఆ పచ్చటి వాలు మీద ఉప్మారవ్వ రాలినట్టు పలుకులు తేలాయి; జబ్బు క్షయేనన్నమాట. వెంటనే కార్డు రాశాం. ఆయన ఒక్కడే వచ్చాడు, గుండు చేయించుకుని ఉన్నాడు.

“నెల దాటినాక విత్తు యాడన్నా మొలుద్దా అమ్మా? జబ్బే లేదనుకొని బిళ్లలు నేనే ఆపించా. నీ కార్డు పెద్దకర్మ నాడు అందింది,” అన్నాడు.

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. తప్పు నీది కాదని డాక్టరుగారన్నారు గాని, మాట జారింది నా కిటికీలోంచే. ఆ తర్వాత పని మానేదాకా మొలవడమన్న మాట నా నోట రాలేదు; ఇంకా తెలియదు, బిళ్లలు మాత్రం మానొద్దని జనం విసుక్కునేదాకా చెప్పేదాన్ని.

ఇప్పుడు ఆ కిటికీ లేదు, దాని ముందు నిలబడే మొహాలూ లేవు. రిపోర్టు నేరుగా మనిషి చేతిలో పడుతుంది, ఆ మనిషి దాన్ని ఏమని అర్థం చేసుకుంటాడో ఫోనుకేం పట్టింది? నిన్న చెల్లెలు ఫోను చేసి, “ఏమీ లేదంటగా అక్కా, ఈ బిళ్లలకి చానా వాంతులవుతున్నాయి, ఆపేద్దునా?” అంది. ఆ రోజు నాలుక చివర ఆగిపోయిన మాటను ఇన్నేళ్లకు పూర్తిగా, రెండుసార్లు చెప్పాను. ఫోను పెట్టేసి ఏడ్చాను.

కల్చర్ తేలడానికి ఇంకా ఏడు వారాలు పడుతుంది. రోజూ పొద్దున్నే ఫోను చేసి, మింగావా అని అడుగుతున్నాను. విసుక్కుంటోంది. విసుక్కోనీ.