కవరాల్ గుడ్డతో కుట్టిన అక్షరాలు

శుక్రవారం పొద్దున వాలీబాల్ కోర్టు పక్కన క్యాంప్ బాస్ మా దర్జీని అందరి ముందూ వెనక్కి తిరగమన్నాడు. అతను సంతోషంగానే తిరిగాడు. తెల్ల టీషర్టు వీపు మీద నారింజ రంగు గుడ్డతో కుట్టిన అక్షరాలు: మనోళ్ళు. బాస్ కుట్టు చూసి "అచ్ఛా కామ్ హై" అన్నాడు. ఆ తర్వాత 'మ' అంచును గోటితో గీకి చూసి మొహం మార్చాడు.

"యే కంపెనీ కా కపడా హై. కిస్‌నే దియా?"

గుడ్డ కంపెనీది, ఎవరిచ్చారని ప్రశ్న. దర్జీ ఒక్కసారి నా వైపు చూశాడు.

"మైనే లియా సాబ్," అన్నాడు. కంగారులో మిగతాది తెలుగులోనే వచ్చేసింది. "స్టోర్ ఎనుక డ్రమ్ములకెల్లి నేనే తీసుకున్న. ఎవల్ని అడగలే."

ఏమంటున్నాడని బాస్ నన్నే అడిగాడు. నేను తర్జుమా చేసి చెప్పాను. మాట పొల్లు పోకుండా చెప్పాను. అందులో ఒక్క ముక్క కూడా నిజం కాదని నాకు తెలుసు. ఎందుకంటే ఆ గుడ్డ ఇచ్చింది నేను.

తొంభైల మధ్య సంగతి ఇది. ఒక దినపత్రికలో తొమ్మిదేళ్లు వార్తలు దిద్ది, ఆ తర్వాత ఖతార్ వెళ్లి ఒక నిర్మాణ కంపెనీ స్టోర్‌లో కూర్చున్నాను. దోహా శివార్లలో ముఐథర్ దాటాక మా కార్మికుల క్యాంప్. సైటులో వేసుకునే కవరాల్ అంటే చొక్కా, ప్యాంటూ ఒకటిగా కుట్టిన నారింజ రంగు పనిబట్ట. ఎవరిది చిరిగినా, పాతది తెచ్చి నా బల్ల మీద పెడితేనే కొత్తది ఇవ్వాలి. పాతవాటిని స్టోర్ వెనక ఇనుప డ్రమ్ములో వేసి నేను దగ్గరుండి కాల్పించాలి. వాటి వీపు మీద కంపెనీ పేరు ఉంటుంది. బయటివాడెవడైనా తొడుక్కుని సైటులోకి వస్తాడేమోనని ఈ జాగ్రత్త. అర్థంలేని నియమమేమీ కాదు.

ఆ క్యాంపులో తెలుగువాళ్లం పద్నాలుగు మందిమి. శుక్రవారాలు పక్క క్యాంపులతో వాలీబాల్ ఆడేవాళ్లు. జట్టుకు కెప్టెన్ గోదావరి జిల్లా నుంచి వచ్చిన క్రేన్ ఆపరేటరు. ఒకరోజు భోజనాల దగ్గర అతనే మొదలుపెట్టాడు.

"మలయాళీల చొక్కాలు చూశారా అండీ? వీపు మీద పేరు ప్రింటు కొట్టించుకున్నారు. మనం చూస్తే చిరుగు బనీన్లతో గెంతుతున్నాం."

"ప్రింటు ఉంటే బంతి నెట్టు దాటుతదానే?" అన్నాడు దర్జీ. అందరూ నవ్వారు. అతనే మళ్లీ అన్నాడు, "గుడ్డ ఇయ్యున్రి, నేను కుడత. వాళ్లది రెండు ఉతుకులకు పోతది. మనది చొక్కా పోయినా పోదు."

అతను జగిత్యాల వైపు మనిషి. ఊళ్లో పదకొండేళ్లు దర్జీ. వీసా మీద మాత్రం హెల్పర్. వచ్చి ఎనిమిది నెలలు, రోజూ సిమెంటు బస్తాలు మోయడమే. క్యాంప్ లాండ్రీలో కవరాళ్లకు అతుకులు వేసే గది ఒకటుంది. అక్కడ కుట్టేవాడు ఊరికి పోతున్నాడని విన్న దగ్గర్నుంచి ఇతనికి అదే ధ్యాస. ఆ గదిలోకి మారితే మళ్లీ తన పని తనకు దొరుకుతుంది. బాస్‌ను రెండుసార్లు అడిగాడు. చూద్దాం అన్నాడు బాస్.

టీషర్టులు అల్ దోహా అల్ జదీదా బజారులో తెచ్చాం. అక్షరాలకు గట్టి గుడ్డ కావాలన్నాడు. నేను కాల్చాల్సిన కవరాళ్లలోంచి వీపు ముక్కలు కోసి డ్రమ్ములో వేసి, కాళ్ల ముక్కలు అతనికిచ్చాను. పేరున్న భాగం కాలిపోయింది కదా, అది చాలుననుకున్నాను.

పత్రికలో హెడ్డింగులు దిద్దిన చేయి కదా అని అక్షరాలు నన్నే గీయమన్నారు. మెస్సుకు కోళ్లు వచ్చే అట్టపెట్టె మీద గీసి అచ్చులు కత్తిరించాను. 'ళ్ళు' దగ్గర దర్జీ తల పట్టుకున్నాడు.

"ఇదేం అచ్చరం సారూ, కత్తెర తిరుగుతనే లేదు. పేపరు మీద గీసుడు సులువే. గుడ్డకు గిన్ని వంకరలా?"

అయినా వదల్లేదు. వంపు ఉన్నచోటల్లా అంచుకు సన్నగా గాట్లు పెట్టి, తడి వేలితో లోపలికి మడిచి, ఇస్త్రీ చేసి చూపించాడు. ఎవరి చొక్కా మీద అక్షరాలు వాళ్లే చేత్తో టాకాలు వేసుకోవాలని, ఆ తర్వాత తాను మిషను కుట్టు వేస్తానని షరతు పెట్టాడు. మూడు గురువారాలు సాయంత్రం అందరూ మంచాల మీద సూదులు పట్టుకుని కూర్చున్నారు. అది ఏ గుడ్డో తెలియనివాడు ఆ గదిలో లేడు. రోజూ ఒంటిమీద వేసుకునేదే.

ముందుగా దర్జీ చొక్కా తయారైంది. "ఇది వేసుకుని బాస్ కంట్లో పడు. పని చూస్తే ఆయనే మారుస్తాడు," అని సలహా ఇచ్చింది కూడా నేనే. అతను శుక్రవారం పొద్దున్నే స్నానం చేసి, అది వేసుకుని, బాస్ నడిచే దారిలో నిలబడ్డాడు. "సాబ్, దేఖో," అని తనే పిలిచాడు.

తర్జుమా అయ్యాక బాస్ అతన్ని ఆఫీసుకు తీసుకుపోయాడు. మిగతావాళ్లు గదిలోకి వచ్చి బ్లేళ్లు తీశారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. కుట్లు కోసి, అక్షరాలు పీకి, కవరు సంచిలో వేసి చెత్తలో పడేశారు.

"మాకేం తెలుసండీ, గుడ్డ ఆయనే తెచ్చాడు," అన్నాడు కెప్టెన్, నన్ను చూడకుండా.

"ఎవరిచ్చారో తెలుసుగా?" అన్నాను.

"ఇప్పుడదంతా ఎందుకులెండి. మీరూ బాగుండాలి, మేమూ బాగుండాలి."

ఆ మాట నాకు హాయిగా అనిపించింది. అది రాయకుండా దాటేయడం కుదరదు. మధ్యాహ్నం ఆ చొక్కాలతోనే మ్యాచ్ ఆడారు. వీపుల మీద సూది బెజ్జాలు అక్షరాల ఆకారంలోనే కనిపిస్తున్నాయి. గెలిచారు కూడా.

సోమవారం అతని వీసా క్యాన్సిల్ చేసి ఎయిర్‌పోర్టుకు పంపారు. వ్యాను దగ్గరికి నేనొక్కణ్నే వెళ్లాను. ఏం మాట్లాడాలో ముందే కూర్చుకుని వెళ్లాను. అతనే సంచి లోపలికి నెట్టి నా వైపు తిరిగాడు.

"తర్జుమ మంచిగనే జేసినవ్ సారూ. పేపరోనివి గదా."

డ్రైవరు "యల్లా, యల్లా" అని తొందరపెట్టాడు.

లాండ్రీ గదిలోకి వారం తిరక్కుండానే వేరే మనిషి వచ్చాడు. నేను ఇంకో నాలుగేళ్లు అదే స్టోర్‌లో పనిచేశాను. బాస్‌కు నిజం చెప్పే అవకాశం ఎన్నోసార్లు వచ్చింది, చెప్పలేదు. అతని కాగితాల మీద దొంగతనమని రాసి పంపారో లేదో, దానివల్ల అతనికి మళ్లీ గల్ఫ్ వీసా దొరికిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. అతని ఊరి చిరునామా నా దగ్గరుంది. ఉత్తరం ఇంకా రాయలేదు.